ర్యాకు నిండిన రోజు

ఆ రోజు ఏసీ ఆన్‌లోనే ఉంది. గదిలో ఉన్నవాళ్లందరం స్వెటర్లు వేసుకుని ఉన్నాం. ముఖ్య అతిథి తనకు కప్పిన సన్మాన శాలువాను చెవుల మీదుగా చుట్టుకుని కూర్చున్నాడు. ఏసీ ఆపేయడం వల్ల యంత్రం వేడెక్కి మతి తప్పిందని తర్వాత విచారణ కమిటీ రాసింది. అది నిజం కాదు. నేను రాసిన ప్రోగ్రాంలో ఒక లెక్క తప్పింది. ఆ సంగతి విచారణకు వారం ముందే నాకు తెలుసు. నేను చెప్పలేదు. చెప్పకుండా ఊరుకున్నానంటే అదీ సగం నిజమే. ఏసీ ఆన్‌లో ఉందని చెప్పిన ఒకే ఒక్క మనిషి మాటను సగానికి కోసి కమిటీకి అందించింది నేనే. ఆయన పని పోయింది. నాకు ప్రశంసాపత్రం వచ్చింది.

ఇది డెబ్బైల దశకం చివరి సంగతి. బెంగళూరులో పాత మద్రాసు రోడ్డు మీద ఒక ఫ్యాక్టరీలో నేను ఇంజనీరును. మేము కంప్యూటరు తయారు చేస్తున్నాం. ఇప్పట్లా బల్ల మీద పట్టేది కాదు, మూడు బీరువాలు పక్కపక్కన నిలబెట్టినంత ఉండేది. దాన్ని నడిపించే ప్రోగ్రాంలో అన్నిటికన్నా అడుగున ఉండే భాగాన్ని కెర్నల్ అంటారు. అది రాయడం నా పని.

ఆ యంత్రానికి దుమ్ము పడదు, వేడి పడదు. అందుకని దానికొక గది, గదికొక ఏసీ, గది బయట చెప్పులు విడవడానికి ఒక ఇనుప ర్యాకు, వీటన్నిటికీ కలిపి ఒక మనిషి. ఆయన హొసకోటె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఏడేళ్లుగా టెంపరరీ. పర్మనెంటు చేసే ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి నడుస్తోందని చెప్పేవాళ్లు. పైవాళ్లతో ఇంగ్లీషు, మిగతా అందరితో కన్నడం మాట్లాడే ఆ ఫ్యాక్టరీలో నాకు తెలుగు మాట్లాడే తోడు ఆయన ఒక్కడే. మాది బెంగళూరు పేటలో మూడు తరాలుగా మగ్గాలు నడిపిన ఇల్లు. ఆయన మాట వింటే మా పెదనాన్న మాట విన్నట్టుండేది. నేను అన్నా అని పిలిచేవాణ్ని. ఆయన పదిమందిలో సార్ అనీ, ఇద్దరమే ఉన్నప్పుడు అప్పా అనీ పిలిచేవాడు.

లోపల ఎవరూ లేనప్పుడు ఏసీ ఆపి తాళం వేయడం, మళ్ళీ పొద్దున ఏసీ వేయడం, ఆ రెండు సమయాలూ రిజిస్టరులో రాయడం ఆయన పని. అయితే ఊరికే తలుపు తెరిచి చూడటానికి వీల్లేదు. తెరిస్తే దుమ్ము వస్తుందని అధికారులు మండిపడేవాళ్లు. తలుపుకు అద్దం లేదు. మరి లోపల మనుషులు ఉన్నారో లేదో ఎలా తెలియాలి? ఆయన చెప్పులు చూసేవాడు. ర్యాకు మీద ఎన్ని జతలుంటే లోపల అంతమంది. ఒకరు లోపలికి పోతే ఒక జత పెరుగుతుంది, బయటికి వస్తే ఒక జత తగ్గుతుంది. ర్యాకు ఖాళీ అయితే గది ఖాళీ.

విచిత్రమేమిటంటే, గది లోపల నా కెర్నల్ చేసే పనీ అదే. యంత్రం జ్ఞాపకంలో చిన్న చిన్న అరలుంటాయి. ఒక్కో అరలో ఒక కాగితం ముక్కంత సమాచారం పడుతుంది. దాన్ని ఒకేసారి నలుగురైదుగురు వాడుకుంటూ ఉండొచ్చు. అందుకని ప్రతి అర పక్కన ఒక అంకె ఉంచుతాం. ఒకరు వాడటం మొదలుపెడితే ఒకటి కూడుతాం, ముగిస్తే ఒకటి తీసేస్తాం. అంకె సున్నా అయితే అర ఖాళీ అని అర్థం, దాన్ని ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. లెక్క ఒకటి ఎక్కువైతే ఎవరూ వాడకపోయినా ఆ అర వృథాగా పడి ఉంటుంది. ఒకటి తక్కువైతే మాత్రం ఇంకా వాడుతున్నవాడి చేతిలోంచి లాక్కుని మరొకరికి ఇచ్చినట్టవుతుంది. మొదటిది నష్టం, రెండోది ప్రమాదం.

ఈ రెండూ నాకంటే ముందు అన్నకే ఎదురయ్యాయి. ఒకసారి ఎవరో తెగిన చెప్పులు ర్యాకు మీద వదిలేసి కొత్తవి తొడుక్కుని వెళ్లిపోయారు. ఒక జత ఉంది కాబట్టి లోపల ఒక మనిషి ఉన్నాడని అన్న ఏసీ ఆపలేదు. నాలుగు రోజులు ఖాళీ గది చల్లగా ఉంది. ఆ తర్వాత మా విభాగంలో ఒకాయన శబరిమల మాల వేసుకున్నాడు. దీక్షలో ఉన్నవాళ్లు చెప్పులు తొడుక్కోరు. వట్టి కాళ్లతో గదిలోకి వెళ్లి పని చేసుకుంటున్నాడు. సాయంత్రం మిగతావాళ్లం వచ్చేశాం. ర్యాకు ఖాళీ. అన్న ఏసీ ఆపి, తాళం వేసి, రిజిస్టరులో సమయం రాసి బస్టాపుకు వెళ్లాడు. లోపలినుంచి శరణుఘోష వినబడుతోందని తోటమాలి పరిగెత్తి వెళ్లి చెబితే వెనక్కి వచ్చాడు. తలుపు తీస్తే ఆ స్వామి చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. తిట్టడానికి దీక్ష అడ్డొచ్చింది. "స్వామీ, నన్ను చంపుతారా" అని మాత్రం అడిగాడట.

మర్నాటి నుంచి అన్న కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాడు. చెప్పుల్లేకుండా వచ్చేవాడి తరఫున తన ఇంటినుంచి తెచ్చిన పాత రబ్బరు చెప్పుల జత ర్యాకు మీద పెట్టేవాడు. ఆ మనిషి బయటికి వస్తే తీసేవాడు. ఇంకో కట్టుబాటు ఉంది. నా కథంతా దాని మీదే ఉంది. ర్యాకులో ఇరవై నాలుగు అరలు. ఎవరైనా పెద్దవాళ్లు చూడటానికి వచ్చిన రోజు ర్యాకు నిండిపోయి, మిగతా చెప్పులు కింద కుప్ప పడేవి. కుప్పలో ఏది ఎవరిదో, ఎన్ని జతలో చెప్పలేం. ఒకరి చెప్పు ఇంకొకరు తొడుక్కుని పోతారు. అట్లాంటి రోజు నేను సరదాకు అడిగాను, ఇప్పుడెట్లా లెక్క పెడతావన్నా అని.

"పెట్టనప్పా. ర్యాకు నిండినంక లెక్క అనేది అబద్ధం. నిండిపాయనంటే ఆ దినం కూడేదీ లేదు, తీసేదీ లేదు, ఏసీ ఆపేదీ లేదు. అందరూ పోయినారని నేను లోపలికి పోయి నా కండ్లతో చూసేవరకూ నడస్తానే ఉండనీ. కరెంటు పోతే పోతాది. మనిషి లోపల ఉండంగా ఆపితే ఎట్లప్పా?"

నేను నవ్వాను. చాలా చాదస్తంగా అనిపించింది.

ఇక ఆ వారం. యంత్రం తయారైందని పైవాళ్లు ఢిల్లీ దాకా చెప్పేశారు. శనివారం ప్రదర్శన. ముఖ్య అతిథి మీట నొక్కితే యంత్రం ఇంజనీర్ల సీనియారిటీ జాబితాను అచ్చువేయాలి. ఆయన దాని మీద సంతకం పెట్టాలి. పనిలో పనిగా క్యాంటీను మేనేజరు కూడా తన ఫలహారాల పట్టిక యంత్రంలో ఉండాలని పట్టుబట్టాడు. సోమవారం నుంచి మేమంతా షిఫ్టుల్లో ఆ గదిలోనే ఉన్నాం. బయట ర్యాకు నిండి, చెప్పుల కుప్ప మెట్ల దాకా వచ్చింది. గది ఏ క్షణమూ ఖాళీ కాలేదు. అన్న తన కట్టుబాటు ప్రకారం ఆరు రోజులూ ఏసీ ఆపలేదు. ఆపలేదు కాబట్టి ఆపినట్టు రాయలేదు. మళ్ళీ వేయాల్సిన పని పడలేదు కాబట్టి వేసినట్టూ రాయలేదు. ఏసీ ఎలాగూ నడుస్తోంది కదా అని మేమూ యంత్రాన్ని ఆపలేదు. మామూలుగా రోజూ సాయంత్రం ఆపేవాళ్లం, పొద్దున లెక్కలన్నీ సున్నా నుంచి మొదలయ్యేవి.

అచ్చు యంత్రం కాగితం మడతలు మడతలుగా వచ్చేది. నాసిరకం కాగితం. జాబితాలో నలభై దగ్గర మొదటి పేజీ ముగిసి మడత వస్తుంది. వారమంతా ఆ జాబితాను అచ్చువేసి చూసుకుంటుంటే, సరిగ్గా అక్కడ ప్రతిసారీ ఇరుక్కునేది. ఇరుక్కున్నప్పుడల్లా నా ప్రోగ్రాం నలభై ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా పేర్లున్న అరను పట్టుకుని, కాగితం ఉందా అని అడిగి, లేదంటే వెనక్కి వచ్చి, కాసేపాగి మళ్ళీ అడిగేది. వెళ్లేటప్పుడు ఒకటి కూడేది. కాగితం ఉంటే వచ్చేటప్పుడు ఒకటి తీసేది. కాగితం లేకపోతే వెనక్కి వచ్చే దారి వేరు. ఆ దారిలో ఒకటి తీసేయమని యంత్రానికి చెప్పే ఒక్క వరస రాయడం నేను మర్చిపోయాను. అంటే కాగితం ఇరుక్కున్న ప్రతిసారీ ఆ అరలో లేని మనిషి ఒకడు చేరుతున్నాడు. అన్న ర్యాకు మీద ఎవరో తెగిన చెప్పులు వదిలి పోయినట్టు.

అది ఒట్టి నష్టంతో పోయేది. కానీ జాగా పొదుపు చేద్దామని ఆ అంకెకు నేను చాలా చిన్న చోటు ఇచ్చాను. అందులో రెండువందల యాభై అయిదు దాకే పడుతుంది. ఇంకొకటి కూడితే, స్కూటరు మీటరులో అన్నీ తొమ్మిదులయ్యాక అన్నీ సున్నాలు వచ్చినట్టు, మళ్ళీ సున్నా. శనివారం మధ్యాహ్నం, ముఖ్య అతిథి మీట నొక్కి, యంత్రం నలభయ్యో పేరు దాటి కాగితం మడత దగ్గర ఒకసారి ముక్కిన క్షణంలో ఆ అంకె సున్నా అయింది. అర నిండా మనుషులు, లెక్కలో ఒక్కడూ లేడు. అదే క్షణంలో క్యాంటీను మేనేజరు పక్క బల్ల మీద తన పట్టిక తెరిచాడు. నా కెర్నల్ ఖాళీ అర కోసం వెతికి, ఈ అరను ఆయనకు ఇచ్చింది.

అచ్చు ఆగలేదు. నలభై ఒకటి ఇడ్లి. నలభై రెండు వడ. నలభై మూడు ఖారాబాత్, నలభై నాలుగు కేసరిబాత్. ఆ తర్వాత సెట్ దోసె, చిత్రాన్నం, పెరుగన్నం, నలభై ఎనిమిది కాఫీ. నలభై తొమ్మిది నేను. రోజుకు ఎన్ని ప్లేట్లు కావాలో ఆ అంకె వెళ్లి సర్వీసు సంవత్సరాల గడిలో పడింది. కేసరిబాత్‌కు నూటయాభై ఏళ్ల సర్వీసు.

ముఖ్య అతిథి చలికి వణుకుతున్నాడు. చదవకుండా సంతకం చేశాడు. చప్పట్లు కొట్టాం. ఫోటో తీశారు. సంతకమైన కాగితాన్ని ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ వాళ్లు పద్ధతి ప్రకారం నోటీసు బోర్డుకు అంటించారు.

సోమవారం గగ్గోలు మొదలైంది. జాబితాలోంచి మాయమైన ఎనిమిది మంది నోటీసు బోర్డు ముందు నిలబడ్డారు. తీసేయండి అంటే సెక్షన్ వాళ్లు కుదరదన్నారు. ఇంత పెద్ద సంతకమున్న కాగితాన్ని తీసే అధికారం ఎవరికీ లేదు, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో రాసివ్వండి అన్నారు. రాసిచ్చారు. కేసరిబాత్ డిపార్టుమెంటు పరీక్ష పాసయినట్టు రుజువు లేదని యూనియన్ అభ్యంతరం చెప్పింది. దాన్ని సెక్షన్ వాళ్లు, నలభై మూడు నుంచి నలభై అయిదు వరకు గలవారి సర్వీసు వివరాలు పంపవలసిందిగా కోరుతూ క్యాంటీనుకు పంపారు. క్యాంటీను మేనేజరు చాలా బాధ్యతగా జవాబు రాశాడు: ముగ్గురూ క్యాంటీను తెరిచిన రోజు నుంచి ఉన్నారు, వీరిపై ఫిర్యాదులు లేవు, సెట్ దోసె మాత్రం మంగళ, శుక్రవారాల్లోనే వస్తుంది.

మేము పడీ పడీ నవ్వాం. ఎనభయ్యో నంబరు ఆయన పొద్దున కాఫీ అందుకుంటూ "ముందు సీనియర్‌కు నమస్కారం చేయాల కదా" అనేవాడు. అన్న కూడా నవ్వాడు. నన్ను చూసి, కాఫీకి నువ్వు జూనియర్ అయితివి కదప్పా, ఇంక చల్లగా అయిపోయినా తాగాల్సిందే, అన్నాడు.

నవ్వు నాకు మంగళవారం మధ్యాహ్నం పోయింది. ప్రోగ్రాం అచ్చుకాగితాలు ముందేసుకుని కూర్చుని ఆ రాయని వరసను కనుక్కున్నాను. ఎక్కడ ఉండాలో అక్కడ పెన్సిల్‌తో రాశాను. కాసేపు దాన్ని చూశాను. రబ్బరుతో చెరిపేశాను. భయం. అంతకంటే గొప్ప కారణం ఏదీ నా దగ్గర లేదు. ఆ జాబితాలో నాకు పైమెట్టు వచ్చే ఏడాది అది.

ఢిల్లీకి సంజాయిషీ పంపాలి. స్వదేశీ యంత్రంలో, స్వదేశీ ప్రోగ్రాంలో తప్పుందని రాయలేరు. ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. అధ్యక్షుడితో సహా ముగ్గురూ ఉత్తరాదివాళ్లు, తెలుగూ కన్నడమూ రావు. రిజిస్టరు తెప్పించారు. ప్రదర్శన రోజు ఏసీ వేసినట్టు రాసి లేదు. వేసినట్టు లేదంటే వేయలేదనే కదా? వేయలేదంటే యంత్రం వేడెక్కినట్టే కదా? అయిదు నిమిషాల్లో తేలిపోయింది. మిగిలింది అన్న వాంగ్మూలం. ఆయన చెప్పేది ఇంగ్లీషులో చెప్పడానికి నన్ను పిలిచారు.

ఆ గది ఇప్పటికీ నా కళ్లముందుంది. సభ్యుల వెనక గోడకు ప్రదర్శన నాటి ఫోటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించి పెట్టారు. అందులో అందరం స్వెటర్లలో ఉన్నాం. ముఖ్య అతిథి శాలువాలోంచి ముక్కు మాత్రం కనబడుతోంది. తల వెనక్కి తిప్పి చూస్తే చాలు, ఏసీ నడుస్తోందో లేదో ఆ ఫోటో చెబుతుంది. ముగ్గురిలో ఎవరూ తల తిప్పలేదు. దానికి ఎదురుగా కూర్చున్నది నేను, నిలబడింది అన్న.

ఆ రోజు చెప్పుల లెక్క ఎందుకు పెట్టలేదని అడిగారు. అన్న చేతులు కట్టుకుని నెమ్మదిగా, అంతా చెప్పాడు.

"ర్యాకు నిండిపాయ సార్. నిండినంక నేను లెక్క పెట్టను. లెక్క లేనప్పుడు ఏసీ ఆపను. సోమవారం పొద్దున ఏసింది, శనివారం దాకా ఆపలేదు. ఆపనిదాన్ని మళ్ళా ఏసేదెట్ల, రాసేదెట్ల? ఆ దినం లోపల ఉండినోళ్లను అడగండి. ఈ సార్ కూడా లోపలే ఉండె."

నేను ఇంగ్లీషులో చెప్పాను: ర్యాకు నిండింది కాబట్టి లెక్క పెట్టలేదంటున్నాడు.

అంతే. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అధ్యక్షుడు రాసుకున్నాడు, లెక్క పెట్టలేదని ఒప్పుకున్నాడు అని. తర్వాత నన్నే అడిగాడు, వేడికి యంత్రం ఇలా చేయడానికి అవకాశం ఉందా అని. లేకపోలేదు అన్నాను. అన్న నా వైపు ఒకసారి చూశాడు. నేను ఫోటోలోని శాలువా చూస్తున్నాను.

ఆయనను ఆ వారమే తీసేశారు. టెంపరరీ మనిషికి నోటీసు అక్కర్లేదు. అదే నెలలో పర్మనెంటు ఫైలు చివరి బల్ల దాకా వచ్చి ఉండిందని తర్వాత తెలిసింది. కేసరిబాత్ విషయంలో మాత్రం నియమాలు పాటించారు. సవరించిన జాబితా వేసే ముందు, అనుమతి లేకుండా దీర్ఘకాలం విధులకు హాజరు కానందున ఎందుకు తొలగించరాదో తెలపమని ఆ ఎనిమిదింటికీ క్యాంటీను చిరునామాకు నోటీసులు పంపి, జవాబు కోసం నెల రోజులు ఆగారు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. నేను రాయని వరసను చడీచప్పుడు లేకుండా రాసేశాను. కానీ ఇలాంటి వరసలు ఇంకెన్ని మర్చిపోయి ఉంటానో అని దిగులు. మనిషన్నవాడు మర్చిపోతాడు. మర్చిపోయినా ప్రమాదం జరగకుండా ఏం చేయాలి? ఒకరోజు గది బయట నిలబడి బూట్లు విప్పుతుంటే ర్యాకు కనబడింది. అన్న మాట గుర్తొచ్చింది. ఆ సాయంత్రం కూర్చుని కెర్నల్‌లో ప్రతి లెక్కకూ ఆ కట్టుబాటు పెట్టాను. అంకె రెండువందల యాభై అయిదుకు చేరిందంటే అక్కడే ఆగిపోతుంది. ఇక కూడేదీ లేదు, తీసేదీ లేదు. ఆ అరను ఎవరికీ ఇవ్వరు. యంత్రాన్ని ఆపి, మళ్ళీ మొదలుపెట్టేదాకా అది అట్లాగే ఉంటుంది. ఒక అర వృథా పోతే పోతుంది, ఎవరి చేతిలోదీ ఎవరూ లాక్కోరు.

దాని మీద ఒక వ్యాసం రాశాను. పైవాళ్లు మెచ్చుకున్నారు. ఆ కమిటీ అధ్యక్షుడే, ఆ ఫోటో ఉన్న గదిలోనే, స్వతంత్రమైన ఆలోచనకు అంటూ ప్రశంసాపత్రం చేతిలో పెట్టాడు. ఇంట్లో గోడకు తగిలించాను. ఎవరైనా దాని గురించి అడిగితే ర్యాకు మాట ఎత్తేవాణ్ని కాదు.

అన్న వెళ్లేటప్పుడు తన పాత రబ్బరు చెప్పులు తీసుకెళ్లలేదు. ర్యాకు పైవరస మూలలో ఉండిపోయాయి. ఆయన స్థానంలో వచ్చినవాళ్లకు ఒకటే చెప్పారు, చెప్పులుంటే ఏసీ ఆపొద్దు, కిందటివాడి ఉద్యోగం అందుకే పోయింది అని. వాళ్లు ఆపలేదు. ఆ చెప్పులు ఎవరివో తెలియదు కాబట్టి తీయడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఆదివారాలు, దసరా సెలవులు, ఏసీ నడిచింది. యంత్రం పాతబడింది, నేను పెద్ద ఉద్యోగినయ్యాను, పొద్దున వచ్చినప్పుడల్లా పైవరస మూలలో ఆ జత కనబడేది. వాటిని తీసి పారేయగలిగినవాణ్ని నేనొక్కణ్నే. తీస్తే, ఎవరివని అడుగుతారు.

నిరుడు ఆ యంత్రాన్ని పాత సామానులో కలిపేశారు. గది ఖాళీ చేస్తున్నారని తెలిసి వెళ్లాను. కూలీలు ర్యాకును వంచి గోడకు ఆనించారు. చెప్పులు కింద పడి ఉన్నాయి. పదకొండేళ్ల తర్వాత ఏసీ ఆగింది. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు. ఆ జతను వార్తాపత్రికలో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ, ఇవెందుకు అని అడిగింది. మొదటిసారి ఒక మనిషికి ఈ కథంతా చెప్పాను. ఆమె లేచి గోడ మీది ప్రశంసాపత్రాన్ని దించి, బోర్లించి, బల్ల మీద పెట్టింది.

కంపెనీకి ఉత్తరం రాశాను. తప్పు నాది, ఏసీ ఆన్‌లో ఉంది, ఆ మనిషికి న్యాయం చేయండి, ప్రశంసాపత్రంలో రాసిన ఆలోచన ఆయనది, అని. మూడు వారాలకు జవాబు వచ్చింది. మీరు పేర్కొన్న వ్యక్తి మా రికార్డుల ప్రకారం ఏనాడూ ఉద్యోగి కాడు, కనుక ఆయనకు అన్యాయం జరిగే వీలు లేదు, ఈ విషయం ఇంతటితో ముగిసింది అని ఉంది.

అన్న కాడుగోడి రైల్వే స్టేషన్ దగ్గర సైకిల్ స్టాండు చూస్తున్నాడని పాత తోటమాలి చెప్పాడు. ఒక ఉదయం స్కూటరు మీద వెళ్లాను. పొద్దుటి రైలుకు పోయేవాళ్లు సైకిళ్లు వదిలిపెట్టి పరిగెత్తుతున్నారు. అన్న తల నెరిసింది, నడుము కొంచెం వంగింది. తలెత్తకుండానే నా స్కూటరు హ్యాండిలుకు ఒక రేకు బిళ్ల కట్టి, అదే నంబరున్న ఇంకో బిళ్ల నా చేతిలో పెట్టాడు. అప్పుడు చూశాడు.

"ఏమప్పా, ఇంకా స్కూటరేనా? కాఫీ రిటైరయి ఉంటే నీకు కారు ఇచ్చుంటారు అనుకొంటినే."

నాకు నవ్వు రాలేదు. పొట్లం విప్పి చెప్పులు చూపించాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తనవి కావన్నాడు. తనవి నీలం పట్టీలవట. ఎవరో వాటిని తొడుక్కుని పోయి, వీటిని అక్కడ విడిచి ఉంటారన్నాడు. ఎవరివో తెలియని చెప్పుల కోసం పదకొండేళ్లు ఏసీ నడిచింది. ఆ సంగతి చెబితే అన్న కూర్చుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "ఒగడన్నా లోపలికి పోయి కండ్లతో చూడలేదా?" అన్నాడు.

ఆ తర్వాత నేను కంపెనీకి రాసిన ఉత్తరం నకలు తీసి ఇచ్చాను. ఇంగ్లీషులో ఉండాది, నువ్వే చెప్పప్పా, అన్నాడు. బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని చదివాను. ఒక్క మాట వదలకుండా తెలుగులో చెప్పాను. రాయని వరస, పెన్సిలు, రబ్బరు, కమిటీ గది, నేను కోసేసిన మాటలు, ర్యాకు కట్టుబాటు, ప్రశంసాపత్రం. మధ్యలో ఒకాయన బిళ్ల ఇచ్చి సైకిల్ తీసుకుపోయాడు. అన్న లేచి, బిళ్ల నంబరు చూసి, సైకిల్ నంబరు చూసి, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. కంపెనీ జవాబు కూడా చదివాను.

"నువ్వు కోసి చెప్పినావని నాకు ఆపొద్దే తెలుసప్పా," అన్నాడు చివరికి. "ఇంగ్లీషు రాకపోతే ఏమి. నేను చెప్పింది ఎంత పొడుగు, నువ్వు చెప్పింది ఎంత పొట్టి. అది తెలియదా?"

నేను తల దించుకున్నాను.

"అది పోనీ. ఒగటి మాత్రం చెప్పు. ఏసీ నిజంగా ఆన్‌లో ఉండె కదా? ఇంట్లో వాళ్లు అడుగుతా ఉంటారు, యామారి ఆపేసినావేమో అని. అడిగి అడిగి, ఈ నడుమ నాకే అనుమానం వస్తుండాది."

సైకిల్ కోసం వచ్చిన ఇద్దరు మనుషులు బిళ్లలు పట్టుకుని మా మాటలు వింటూ నిలబడ్డారు. విననీ అనుకున్నాను. ఆ రోజు ఆ గదిలో ముగ్గురి ముందు ఇంగ్లీషులో చెప్పాల్సిన మాట, కాడుగోడి స్టాండులో ఆ ఇద్దరి ముందు, మా ఇంటి తెలుగులో చెప్పాను.

"ఆన్‌లోనే ఉండె అన్నా. నువ్వు ఆపలేదు, యామారలేదు. లెక్క తప్పింది నాది. తెలిసీ నోరు మూసుకొంటిని, నీ మాట కోస్తిని, నీ ఉపాయం నాదని చెప్పుకొంటిని. తప్పు చేసినాను. నన్ను క్షమించన్నా."